సర్వేయర్‌గారి కారులో పెరుగుతున్న నూనె

నన్ను అందరూ పొగ డాక్టరంటారు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు గానీ, ఎవరైనా మరిచిపోతే గుర్తుచేస్తుంటాను. సైలెన్సర్ దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు. నీలం పొగైతే నూనె కాలుతోందనీ, తెల్లదైతే నీళ్లు దిగుతున్నాయనీ, నల్లదైతే పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ చెప్పేస్తాను. ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను తికమక పెట్టిన బండి ఒక్కటే. అది రిటైరైన సర్వేయర్‌గారిది.

ముప్పై రెండేళ్ల కారది. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. ఆ ఉదయం షెడ్డులోకి వచ్చేసరికి వెనక నీలం పొగ, కింద ఆరు చోట్ల నూనె చుక్కలు. దారిలో ఆగితే తోయడానికని కూతురూ అల్లుడూ స్కూటరు మీద వెంట వచ్చారు. ఆయన భార్య వెనక సీట్లోంచి దిగనే లేదు.

సర్వేయర్‌గారు డిక్కీలోంచి పన్నెండు అట్టముక్కలు తీసి నా బల్ల మీద పరిచారు. రోజుకో అట్ట కారు కింద పెట్టి, పడిన మరకల చుట్టూ పెన్సిలుతో గీసి, కొలిచి, తేదీ వేసి, సంతకం కూడా పెట్టారు.

"నూనె కారుతోంది, కాలుతోంది. ఇందులో వింతేముంది సార్?" అన్నాను.

"అది కాదయ్యా. కారుతోంది, కాలుతోంది, అయినా పెరుగుతోంది!"

"ఏం పెరుగుతోంది?"

"నూనే! పన్నెండు రోజుల కిందట నువ్వే కొత్తది పోశావు. ఆ తర్వాత నేను చుక్క పోస్తే ఒట్టు. పొద్దున్నే కొలపుల్ల తీసి చూస్తే రోజుకింత పైకి పాకుతోంది."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. గొంతు తగ్గించి, "చెడింది బండా, నా బుర్రా? అది తేల్చు. బుర్రే అయితే శుక్రవారం తాళాలూ కాగితాలూ అన్నీ అల్లుడికిచ్చేసి ఓ మూల కూర్చుంటా. ఊరి భూములన్నీ కొలిచినవాణ్ణి, పుల్ల మీద గీత చదవలేకపోతే ఇంకెందుకు?" అన్నారు. నాకు చాలా జాలేసింది.

పుల్ల తీశాను. నూనె పై గీతను ఎప్పుడో దాటేసింది. ఇంజను కింద నూనె నిలిచే చాంబర్ బోల్టు విప్పి టబ్బు పెడితే, ఎనిమిది లీటర్లు పట్టే చాంబర్‌లోంచి పదకొండు లీటర్లు దిగింది. నూనె అంత ఎక్కువైతే లోపల నురగ కడుతుంది, సీళ్లను తోసుకుని కారుతుంది, కొంత ఇంజను పీల్చుకుని కాలుస్తుంది. బండికి ఏ జబ్బూ లేదు, తిండి ఎక్కువైంది, అంతే. మరి తినిపిస్తున్నదెవరు?

అల్లుడు నన్ను పాత టైర్ల గుట్ట వెనక్కి లాక్కుపోయాడు. "మీరు ఫోన్లో చెప్పినట్టే రోజూ ఓ టీ కప్పు పోస్తున్నానండీ. మావయ్యగారికి తెలీకుండానే!"

పాత బండ్లవాళ్లు ఎవరు అడిగినా నేనిచ్చే మందు అదే. రోజుకో టీ కప్పు పోయండి, పెద్దాయనకు చెప్పకండి, బాధపడతారు అంటాను. అతను వెళ్లగానే కూతురు వచ్చింది. "అన్నయ్యా, నేనూ కప్పు తప్పకుండా పోస్తున్నా. మా ఆయనక్కూడా చెప్పలేదు." ఆమె ఫోనూ గుర్తొచ్చింది. డాక్టరునట, నా మొహం!

ఏదో పార్టు పోయిందని చెప్పి నా పేరు కాపాడుకోవచ్చు. కానీ ఆయన శుక్రవారం గురించే ఆలోచిస్తున్నారు. సిగ్గు విడిచి, ఇద్దరినీ పక్కన నిలబెట్టి, జరిగిందంతా చెప్పేశాను.

సర్వేయర్‌గారు తిట్టలేదు. పెన్సిలు తీశారు. "ఎక్కువ వచ్చింది మూడు లీటర్లు. నా అట్టల లెక్కన కారిందీ, పొగను బట్టి కాలిందీ కలిపి ఆరు వందల మిల్లీలీటర్లు. మొత్తం మూడు వేల ఆరు వందలు. పన్నెండు రోజులకు భాగిస్తే రోజుకు మూడు వందలు. కప్పు వంద. అంటే మూడు కప్పులు." తలెత్తారు. "మీరిద్దరే ఉన్నారు. మూడోది ఎవరు పోశారు?"

కూతురు మొగుడి వంక చూసింది, మొగుడు నా వంక చూశాడు. పెన్సిలు బల్ల మీద పెట్టేసి, ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకోసాగారు.

"నేనేనండీ," అంది వెనక సీట్లోంచి ఆయన భార్య.

"నువ్వా?"

"మీరు బాధపడతారని చెప్పలేదు. ఈ బాబే నాకూ ఫోన్లో చెప్పాడు. ఏం బాబూ?"

నేను ఆమెతో ఫోన్లో ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె నా కళ్లలోకే చూస్తోంది.

"అవును సార్, అమ్మగారికీ చెప్పాను," అన్నాను.

"నీకు బుద్ధుందా అసలు? ఇంటిల్లిపాదికీ ఒకే మందా?" అని సర్వేయర్‌గారు అరిచారు. ఆ తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. లెక్క సరిపోయిందని అల్లుడి వీపు చరిచి, చేతులు కడుక్కోవడానికి హుషారుగా కుళాయి వైపు నడిచారు.

ఆయన దూరంగా వెళ్లేదాకా ఆగి, ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించి నన్ను దగ్గరికి పిలిచింది.

"బాబూ, నూనె పోసేది ఎక్కడో కాస్త చూపించు. ఇంటికెళ్లాక ఆయన అడుగుతారు."