రోజుకొక్క తిప్పు

చోటు లేదని మనిషిని ఇంట్లోంచి పంపించేముందు మీలో ఎంతమంది టేపు పట్టుకుని కొలిచారు?

వకీలమ్మ వాళ్ళ నాన్న కొలిచాడు. నోరు తెరిస్తే వాదనే కనుక పదమూడేళ్ళ కూతురికి ఆ పేరు పెట్టింది ఆయనే. కుట్టుకొట్టు మూతపడి పిన్ని మిషన్‌తో సహా వాళ్ళింటికొచ్చింది. మిషన్ కొలత పిన్ని చెప్పింది. మంచానికీ గోడకీ మధ్య ఉన్న సందుని నాన్న కొలిచాడు. పద్నాలుగు అంగుళాలు తక్కువ. మిషన్ పెట్టుకోను చోటే లేనప్పుడు, నెలాఖరుకి బట్టల ఫ్యాక్టరీ హాస్టల్లో చేరతానంది పిన్ని.

ఆ వారమే పళ్ళ డాక్టరు వకీలమ్మ నోట్లోకి లైటు వేసి చూశాడు.

"క్లిప్పులొక్కటే చాలవమ్మా. పళ్ళకి చోటు లేదు."

"రెండు పీకెయ్యండి," అన్నాడు నాన్న.

"పీకడం ఎంతసేపండీ? చోటు చేద్దాం."

వకీలమ్మ నాన్న వైపు ఒక చూపు చూసింది.

అంగిట్లో ఎక్స్‌పాండర్ బిగించారు. దాని నడుమ చిన్న మర. సన్నటి తాళంచెవితో రోజుకొక్క తిప్పు తిప్పితే పైదవడ వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. అమ్మ తాళంచెవి ముట్టుకోనంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, పిన్నే తిప్పింది.

టక్‌మంది. మంచం పక్కనున్న గోడ అరంగుళం వెనక్కి జరిగింది.

"సున్నం రాలింది, చీపురందుకో," అంది అమ్మ. గోడ అవతల పక్కింటాయన తన సైకిలు కాస్త అటు జరుపుకున్నాడు.

రోజూ అంతే. నెలాఖరు దగ్గరపడింది.

"పిన్నీ, ఇవాళ రెండు తిప్పులు తిప్పెయ్."

"నోర్ముయ్. గుంజితే బట్టే చిరుగుతుంది, నీ దవడెంత!" ఆ మాటన్నాక పిన్ని గోడ వైపు చూడలేదు. వకీలమ్మది ఒక గౌను తీసి అంచు విప్పి పొడుగు చేస్తూ కూర్చుంది. మూడేళ్ళ కిందటి గౌను. ఎదిగే పిల్ల కదా అని లోపల రెండంగుళాలు వదిలి కుట్టింది తనే.

ఇరవైనాలుగో తిప్పుకి డాక్టరు చాలన్నాడు. మర కదలకుండా బిగించేశాడు. నాన్న టేపు పరిచాడు. ఇంకా రెండంగుళాలు తక్కువ. పిన్ని సంచి సర్దుకుంది.

గౌను అంచు చూసుకుంటున్న వకీలమ్మ గభాల్న తలెత్తింది. నోట్లో ఆ మరతో మాట నానుతోంది.

"పిన్నీ, మిషన్ ఎంతని చెప్పావు?"

"దాని పొడవూ, పైన రెండంగుళాలూ."

"ఆ రెండూ ఎందుకు?"

"అలవాటే, ఎప్పుడైనా వదులు చేసుకోవాలంటే..." పిన్ని గౌను అంచు వైపు చూసింది.

"ఇనప మిషను ఎదుగుతుందటమ్మా మరదలా!" నాన్న పకపకా నవ్వుతూనే వెళ్ళి మిషన్ ఎత్తుకొచ్చాడు. మంచానికీ గోడకీ మధ్య అది దిగిపోయింది, కొలిచి కుట్టినట్టు.

విన్నారుగా, ఇక లేవండి. మీ ఇంట్లో సంచి సర్దుకుంటున్నది ఎవరో చూడండి. ముందు ఆ సంచి అందుకోండి. కొలతలు తర్వాత చూసుకుందురుగాని.