ఇంకోసారి అనిపించుకున్న తలుపు

పాత బళ్లకు ప్రాణం పోయడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. నమ్మకం కడుపులో దాచుకునే రకాన్ని కూడా కాదు. అందుకే టీచరమ్మ వాళ్ల నాన్నగారి క్యాంపర్ వ్యాను లాక్కొచ్చినప్పుడు, "మూడు నెలల్లో పెళ్లికూతుర్ని చేసి చూపిస్తా" అనేశాను.

ఆ వ్యాను నాకంటే రెండేళ్లు పెద్దది. గుండ్రటి ముఖం, పైకి లేచే కప్పు, మడిస్తే బల్ల, పరిస్తే మంచం, మూలన బుల్లి పొయ్యి. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, అది నాకూ ముద్దొచ్చింది. ఆ ఇంటివాళ్ల సెలవులన్నీ అందులోనే గడిచాయట. ఆ నాన్నగారు పోయాక తుప్పు పట్టింది.

"అమ్మకి చూపు పూర్తిగా పోయింది మేస్త్రిగారూ. ఒక్కసారి అందులో కూర్చోవాలంటోంది. ఇంకేం అడగట్లేదు" అంది టీచరమ్మ.

తుప్పు గీకాను, రంగు వేశాను, ఇంజను విప్పి బిగించాను. పక్క తలుపు మాత్రం నా ప్రాణం తీసింది. ఎంత గట్టిగా వేసినా మొదటిసారి పడదు. ఇన్నేళ్లు ఎలా భరించారో అని తిట్టుకుంటూ లాక్ మార్చేశాను. ఇక వేలితో నెడితే చాలు.

పెద్దావిడ వచ్చి సీట్లో కూర్చుంది. తలుపు వేశాను. చప్పుడే లేదు. మీసం మెలేశాను.

ఆవిడ చాలాసేపు ఎదురుచూసింది. చివరికి మెల్లగా, "ఏమనుకోకు నాయనా, ఇది మా బండి కాదు" అంది.

కోపం నషాళానికంటింది. నా చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరేనా? టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"తప్పు నాదేనండీ, చెప్పడం మరిచిపోయా. నాన్న తలుపు వేస్తే పడేది కాదు. అమ్మ లోపల్నించి 'ఇంకోసారి' అని అరిచేది. నాన్న మళ్లీ వేసేవారు. అప్పుడే మాకు ప్రయాణం మొదలైనట్టు."

వెళ్లి తుక్కు డ్రమ్ము బోర్లించి, పాత లాక్ వెతికి బిగించాను. బాగున్న తలుపును చేజేతులా చెడగొట్టడం నా జన్మలో అదే మొదలు.

తలుపు వేశాను. ధనేల్మంది. పడలేదు.

ఆవిడ ముఖం చప్పున ఇటు తిరిగింది. "ఇంకోసారి!" అని అరిచింది.

మళ్లీ వేశాను. పడింది. టీచరమ్మ ఏడుస్తోంది. నా కళ్లూ నా మాట వినలేదు.

ఇంజను తాళం తిప్పుదామని ముందు వైపు కదిలాను. కిటికీలోంచి ఆవిడ చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుంది.

"ఇంకోసారి" అంది, ఈసారి మెల్లగా.

వెనక్కి వచ్చి తలుపు తీశాను.