బెహాలా బోర్డు

పప్పులో పురుగు వచ్చింది. మా ఆయన దాన్ని చెంచా కొనతో తీసి కంచం అంచున పెట్టి, నాకు కనబడేలా కంచాన్ని కొంచెం ఇటు తిప్పారు. "కళ్లు ఎక్కడ పెట్టుకుని వండుతున్నావే నాగేశ్వరీ?" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. అంతకు ముందు రోజు గోంగూరలో గడ్డిపోచ, దానికి ముందు ఆయన చొక్కాకి నల్లగుండీ బదులు నీలంగుండీ కుట్టడం, ఇవన్నీ ఆయన మనసులోనే దాచుకుని, పురుగు దొరికాక ఒక్కసారే తీర్పు చెప్పారు. "దగ్గర చూపు పోయింది నీకు. వయసు కదా. అద్దాలు చేయించుకో. దగ్గరికి చాలు. ఇంట్లో ఉండేదానివి, దూరం చూపుతో నీకేటి పని?"

ఆ మాట అప్పుడు నాకు తప్పుగా తోచలేదు. నిజమే కదా, నాకు దూరంతో ఏం పని అనుకుంటూ కంచం తీసి కడిగాను. మజ్జిగ అడిగితే పోశాను. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్ని విని ఎన్ని కంచాలు కడిగానో. ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో అది అన్న రోజున తెలియదు.

ఆయన రైల్వే ఉద్యోగం మమ్మల్ని ఏనాడో ఈ బెంగాలీ మహానగరానికి తెచ్చింది. మా అమ్మాయి సమీర ఈ ఊళ్లోనే, న్యూటౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సంగతి చెబితే ఫోన్‌లోనే అంతా తేల్చేసింది. "ప్రోగ్రెసివ్ తీసుకో అమ్మా. దూరం, దగ్గర, మధ్య, అన్నీ ఒకే అద్దంలో వచ్చేస్తాయి. ఖిదిర్‌పూర్ మోడ్ దగ్గర మంచి షాపుంది, టైమ్ బుక్ చేస్తాను. నేను కూడా వద్దామనుకున్నాను కానీ మీటింగ్ ఉంది." ఆయన రిటైరయ్యాక రైల్వే క్వార్టర్స్ వదిలి ఖిదిర్‌పూర్‌లోనే ఫ్లాటు తీసుకున్నాం కాబట్టి ఆ షాపు మాకు నడిచే దూరమే. మోడ్ అంటే బస్సులు కలిసే కూడలి. ఆ కూడలిలో నేను ఇప్పటికీ బస్సుల వైపు చూడను. ఎందుకో తర్వాత చెబుతాను.

కళ్లు పరీక్ష చేసే అమ్మాయి పేరు పారమిత. మా సమీర ఈడుది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "కాకీమా, రోజంతా ఎక్కువగా ఏం చూస్తారు మీరు?" అని అడిగింది. కాకీమా అంటే వాళ్ల భాషలో పిన్ని. నాకు నవ్వొచ్చింది. నువ్వు ఏం చూస్తావమ్మా అని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. పప్పు ఏరతాను, సూదిలో దారం ఎక్కిస్తాను, మందుల అట్టల మీద పేర్లు చదివి ఆయనకి ఏ పూటవి ఆ పూటకి పెడతాను అన్నాను. అవి దగ్గరివి అంది. మరి కూరలు తరగడం, పొయ్యి మీద గిన్నె? అవి చేయి చాచినంత దూరం, వాటికి పవర్ వేరు అంది. "రోడ్డు? సినిమా? బస్సు?" అంది. "బస్సులెక్కను" అన్నాను. ఆ పిల్ల అదీ రాసుకుంది.

గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. పెద్దది చదివాను. కింది వరుసా చదివాను. మూడో వరుసలో అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. "తెలియడం లేదమ్మా" అన్నాను, ఎప్పుడూ అనే మాటే కాబట్టి.

"తెలియడం లేదా, కనబడటం లేదా?" అంది పారమిత.

ఏ, బీ, సీ, డీ నాకు రాకపోవడం ఏమిటి? నేను విజయనగరంలో తెలుగు ఎమ్మే చదివినదాన్ని, పండిట్ ట్రెయినింగ్ చేసినదాన్ని. ఎప్పుడో ఒకరోజు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా ఆయన నాతో అన్న మాట చెవిలో మళ్లీ మోగింది. "కనబడకపోడం కాదే. రాకపోడం. ఒప్పుకో."

అప్పటికి నాకు పెళ్లై నాలుగైదేళ్లు. సమీర నడవడం మొదలుపెట్టింది. క్వార్టర్స్‌లో మనవాళ్లు పెట్టుకున్న సత్యనారాయణ వ్రతానికి గార్డెన్ రీచ్ నుంచి కూర్మయ్య మాష్టారు వచ్చారు. ఓడల డాక్‌లో పనిచేసే శ్రీకాకుళం వాళ్ల పిల్లల కోసం అక్కడ తెలుగు బడి నడిపేవారు. నా చదువు సంగతి విని, ప్రసాదం చేతిలో పట్టుకునే, "అమ్మా, మా బడికి పంతులమ్మ కావాల. పిల్లలు అఆలు మర్చిపోతన్నారు. నువ్వు రాగలవేటి?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు సంతోషంతో. మా ఆయన కాదనలేదు, ఆ మాట చెప్పుకోవాలి. "సరదా అయితే వెళ్లు. కానీ ఖిదిర్‌పూర్‌లో బస్సు మారాల. అక్కడ మినీబస్సుల మీద నంబర్లుండవు, ఊరి పేరే ఉంటది, అదీ బెంగాలీలో. నీ వల్ల అవుద్దా?" అన్నారు.

అవుతుందని చూపించడానికి పక్క క్వార్టర్లో శిఖాదీ దగ్గర బెంగాలీ నేర్చుకున్నాను. ఆవిడ కూతురి మొదటి వాచకం నా ఒళ్లో, కుక్కర్ పొయ్యి మీద. వాళ్ల ఎత్వం మన ఎత్వంలా నెత్తిన కూర్చోదు, అక్షరానికి ముందే నిలబడుతుంది, పలకడం మాత్రం తర్వాత పలకాలి. అది కొంచెం తికమక పెట్టింది కానీ నెల తిరక్కుండా వాచకం గడగడా చదివేశాను. "నీకు అక్షరాలంటే పిచ్చి నాగేశ్వరీ" అని శిఖాదీ నవ్వేది. మొదటి రోజు ఆయన నన్ను బడి దాకా దింపారు. రేకుల కప్పు కింద పిల్లలందరూ లేచి నిలబడి నమస్కారమండీ అన్నారు. వాళ్లలో పున్నమ్మ అని ఒక పిల్ల నా కొంగు పట్టుకుని, "రేపు కూడా వస్తారేటి?" అని అడిగింది. వస్తానన్నాను.

మర్నాడు ఒంటరిగా బయలుదేరాను. ఖిదిర్‌పూర్ మోడ్‌లో నిలబడితే మినీబస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ప్రతి దాని నుదుటి మీదా అక్షరాలున్నాయి, ఉన్నాయని మాత్రమే తెలుస్తోంది. చాకిరేవులో రంగు వదిలిన చీరలా ఉన్నాయి. దగ్గరికొచ్చాక చదువుదామంటే బస్సు నిలబడదు, కదులుతూనే జనాన్ని లాక్కుంటుంది. వాచకం గడగడా చదివిన నాకు ఒక్క అక్షరం అందలేదు. ఒక బస్సు కండక్టర్‌ని గార్డెన్ రీచా అని అడిగితే "ఉఠున్ ఉఠున్" అని రెక్క పట్టుకుని ఎక్కించాడు. దిగేసరికి బెహాలా. గార్డెన్ రీచ్ ఒక మూల, బెహాలా ఇంకో మూల. అక్కడ టెలిఫోన్ బూత్‌లోంచి ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన సెలవు పెట్టి వచ్చి తీసుకెళ్లారు.

ఇంటికొచ్చాక మా అత్తగారు పిచ్చమ్మగారు సమీరని నా ఒళ్లో పడేసి, "పసిదాన్ని ఒగ్గేసి ఊళ్లు తిరిగితే ఇలాగే అవుద్ది. బస్సులేటి, బడులేటి" అన్నారు. బోర్డు సరిగ్గా కనబడలేదండీ అని నేను ఆయనతో అన్నాను. నిజం చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ, "కనబడకపోడం కాదే. రాకపోడం. వాచకం చదివితే భాష వచ్చేసినట్టేనేటి? ఒప్పుకో, తప్పేం లేదు" అన్నారు. ఎంతో దయగా అన్నారు. నేను ఒప్పుకున్నాను. అక్షరాలంటే పిచ్చి ఉన్న మనిషిని, నాకు అక్షరాలు ఎక్కవని ఒప్పుకున్నాను. మాష్టారికి రాలేనని కబురు పంపాను. మాష్టారే తర్వాత ఒకసారి ఇంటికొచ్చి, పున్నమ్మ అడుగుతోందమ్మా అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి మా ఇంట్లో బెహాలా అనేది ఊరి పేరు కాదు. చారులో ఉప్పు తక్కువైతే "ఉప్పు బెహాలా వెళ్లిందేటి?" నేను ఏదైనా మర్చిపోతే "బెహాలా ఎక్కేసింది." చుట్టాలొస్తే ఆ కథ మొదటి నుంచీ చెప్పడం, అందరూ నవ్వడం, నేనూ పకోడీల పళ్లెంతో నిలబడి నవ్వడం. సమీర చిన్నప్పుడు ఎవరో మీ అమ్మ ఏం చేస్తుందంటే, "అమ్మ బెహాలా వెళ్తుంది" అందట. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేర్పిస్తానంటే "నువ్వేటి నేర్పుతావు, దానికి స్కూలు చదువే బోలెడు" అన్నారు ఆయన. అప్పుడు కూడా నాకు నా మీద నమ్మకం లేకపోయింది.

పారమిత నా ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి అద్దాలు మార్చడం మొదలుపెట్టింది. ఒకటి పెట్టింది, తీసింది, ఇంకొకటి పెట్టింది. ఉన్నట్టుండి గోడ మీద అక్షరాలు విడివిడిగా లేచి నిలబడ్డాయి. చివరి వరుస దాకా చదివాను.

"కాకీమా, దగ్గరిది వయసుతో వచ్చిందే. కానీ ఈ దూరం మైనస్ ఇవాళ్టిది కాదు. పాతికేళ్ల వయసులోనే ఉండి ఉంటుంది. ఎవరూ చూపించలేదా మిమ్మల్ని?"

ఆయనకి ఆఫీసులో ఏటా పరీక్ష చేసేవారు. సమీరకి బడిలో చేసేవారు. నాకెవరు చేస్తారు? పైగా మా ఊళ్లో దూరంగా తెలుగు బోర్డు సగం కనబడితే చాలు, మిగతా సగం మనసే పూరించుకునేది. బెంగాలీలో అలా పూరించే మనసు నాకు లేదు. అందుకే ఈ ఊళ్లో అడుగుపెట్టాకే గుడ్డిదాన్నయ్యాను, దాన్ని మొద్దుతనం అనుకున్నాను.

"ఆ ఫ్రేముతోనే గుమ్మం దాకా వెళ్లి చూడండి" అంది పారమిత. వెళ్లాను. అదే మోడ్. అటు నుంచి ఒక మినీబస్సు వస్తోంది. నుదుటి మీద ముందుగా నిలబడ్డ ఎత్వం, దాని పక్కన బ, తర్వాత హా, లా. బెహాలా. చాలా దూరంలో ఉండగానే చదివేశాను. దాని వెనక గార్డెన్ రీచ్ బస్సు. అదీ చదివాను. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగి అద్దాలు మసకేస్తే, ఇది చదవడం రాక వచ్చిన మసక కాదు కదా అనుకుంటూ తుడుచుకున్నాను.

కూర్మయ్య మాష్టారు పోయారు. పిల్లలు హిందీ బడులకి మారిపోయారు. ఆ రేకుల కప్పు కింద ఇప్పుడు ఎవరివో సిమెంటు బస్తాలున్నాయని విన్నాను. నేను వెళ్లి ఉంటే ఆ బడి నిలిచేదని అనను. కానీ నేను వెళ్లి ఉండేదాన్ని. పున్నమ్మకి అఆలు వచ్చి ఉండేవి. నన్ను నేను ఇంత చిన్నచూపు చూసుకుని ఉండేదాన్ని కాదు. కావలసింది ఒక్క జత అద్దాలు, అంతే.

లోపలికొస్తుంటే ఆయన ఫోన్. "చేయించావేటి? దగ్గరదే కదా?"

"దూరానికి కూడా పవర్ ఉందటండీ. చాలా ఏళ్లుగా ఉందట."

"ఇప్పుడు దూరానికి దేనికి? బస్సు నడుపుతావేటి?" అని తన మాటకి తనే నవ్వుకున్నారు.

పారమిత మూడు రకాల అద్దాలు బల్ల మీద పెట్టింది. బైఫోకల్ అయితే ఇలా గీత ఉంటుంది, తల ఎత్తితే దూరం, కిందికి దించితే దగ్గర అంది. తల దించడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు, ఆ పని చాలాకాలం చేశాను. సమీర చెప్పిన ప్రోగ్రెసివ్‌లో అన్నీ ఉంటాయి, అంచుల్లో మాత్రం మసక, కొన్నాళ్లు సర్దుకోవాలి అంది. సర్దుకోవడం కూడా బాగా వచ్చు.

"దూరానివి ఒక్కటే చెయ్యమ్మా" అన్నాను.

"మీరు వచ్చిందే దగ్గరి కోసం కదా కాకీమా. పప్పు ఎలా ఏరతారు?"

"దగ్గరివి తర్వాత చేయించుకుంటాను. పప్పు ఎవరు తింటారో వాళ్లు ఏరతారు."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

అద్దాలు తయారయ్యాయని కబురొస్తే పొద్దున్నే వెళ్లి పెట్టుకున్నాను. రోడ్డవతల వేపచెట్టుకి ఆకులు ఆకుల్లా ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను చూసింది ఆకుపచ్చని ముద్ద. మోడ్‌లో నిలబడ్డాను. ముందు గార్డెన్ రీచ్ బస్సు వచ్చింది. అక్షరం అక్షరం చదివాను. ఎక్కడానికి అక్కడ నాకోసం ఎవరూ లేరు. దాన్ని పోనిచ్చాను. వెనకే బెహాలా వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దార్లో దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ పోతున్నాను, మిఠాయి, మందులు, చీరలు, చిన్నపిల్లలా పెదాలు కదుపుతూ.

ఫోన్ మోగింది. ఆయనే. "మధ్యాహ్నం మాత్ర ఏదో తెలీడం లేదు. ఎక్కడున్నావు?"

"బెహాలా బస్సులో."

పెద్దగా నవ్వారు. "మళ్లీనేటి? ఇన్నేళ్లయినా బోర్డు చదవడం రాలేదా నీకు?"

"చదివే ఎక్కానండీ" అన్నాను. "ఆ రోజు కూడా నాకు చదవడం వచ్చు."