కుక్కల పాలైన గుండిగ

నా మొగుడు ఆస్బర్ట్‌ను పూడ్చిన మర్నాడే దివాణం కార్యస్థుడు రాల్ఫ్ వచ్చాడు. దొర భూమి దున్నేవాడు చస్తే, వాడి ఇంట్లో అన్నిటికన్నా మేలైనది దొరది. మాకు ఆవు లేదు, గొర్రె లేదు. మా అమ్మ ఇచ్చిన మూడు కాళ్ళ ఇత్తడి గుండిగ ఒక్కటే ఉంది. ఊళ్ళో మా వంటివాళ్ళంతా మట్టికుండల్లోనే వండుకుంటారు.

"నీ కొంపలో ఇత్తడేమిటే హవీస్? కొయ్యచిప్పలో తాగే మూతికి ఇంత సోకా?" అన్నాడు.

"అది మా అమ్మది అయ్యా. ఆయనది కాదు."

"మొగుడి చూరు కింద ఉన్నదంతా మొగుడిదే."

ఉడుకుతున్న బఠాణీలను నేలమీద కుమ్మరించి గుండిగ పట్టుకుపోయాడు. నేను వాటిని ఏరుకుని, కడుక్కుని తిన్నాను.

కోతల పండక్కి నన్ను దివాణంలో వెట్టికి పిలిచారు. దొరకు వెండి పళ్ళెం, పక్కవాళ్ళకు తగరం, బల్లమీది ఉప్పుగిన్నెకు దిగువన కూర్చునే తక్కువవాళ్ళకు కొయ్య. ఎంగిళ్ళు పారబోయడానికి పెరట్లోకి వెళ్ళాను. వేటకుక్కలు ఎముకల పులుసు నాకుతున్నాయి. నా గుండిగలో. అంచుకు అమ్మ వేయించిన అతుకు నాకు తెలియదా?

తర్వాతి వారం దివాణంలో పంచాయితీ జరిగింది. అక్కడ తీర్పు చెప్పేది ప్రమాణం చేసిన పన్నెండుమంది రైతులు. నేను లేచాను.

"మా ఇంట్లో మేలైనది ఏది అయ్యా?"

"ఆ గుండిగే," అన్నాడు రాల్ఫ్.

"ఇప్పుడెక్కడుంది?"

అతను పెరటి వైపు చూశాడు. నేనే చెప్పాను.

"కుక్కల ముందుంది. మేలైనదైతే దొరగారి వంటింట్లో ఉండాలి. కుక్కలకే సరిపోయిందంటే అది మేలైనది కాదు. మరి దొరగారి హక్కు కింద దాన్ని ఎట్లా తెచ్చారు?"

ఎవరో నవ్వారు. రైతుల్లో పెద్దవాడు తర్‌స్టన్ తాత గొంతు సవరించుకున్నాడు.

"కుక్కలు నాకినదాన్ని దొరగారికి తగిందని మేం రాయించలేం బాబూ. ఇచ్చెయ్యండి."

"అయితే గుండిగకు బదులు దీని మంచం తెస్తా," అన్నాడు రాల్ఫ్.

అన్నట్టే పట్టుకుపోయాడు. ఆస్బర్ట్ తన చేత్తో చేసుకుని, దానిమీదే పోయిన మంచం అది.

గుండిగను బూడిదతో, ఇసుకతో మూడుసార్లు తోమాను. ఇప్పుడు గడ్డిమీద పడుకుంటున్నాను. నిన్న రాల్ఫ్ మా వాకిట ఆగాడు.

"నడుం పట్టేసిందా హవీస్?"

"పట్టేసింది అయ్యా. కుక్కలకు మంచం బాగుందా?"