ముళ్ళకంచె మచ్చ

ఉతికిన తువ్వాలు తీగమీద ఆరేస్తుంటే కొబ్బరినూనె వాసన గుప్పుమంది. మా ఇంట్లో కొబ్బరినూనె ఎవరూ వాడరు.

అప్పుడే షెడ్డు వెనకనుంచి మా అమ్మాయి టాలియా గొంతు వినిపించింది. ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతోంది.

"ఇవాళ పన్నెండు చూపిస్తోందే. త్వరగా రా. మొన్న ఆరే ఉంది, ఎంతసేపు పడుకున్నా రంగు తేల్లేదు."

చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. ఎండ తీవ్రత చూపించే ఆ యాప్ దాని ఫోన్లో పెట్టింది నేనే. అంకె మూడుకి చేరితే టోపీ, పొడుగు చేతులు అని నేర్పాను. రోజూ పొద్దున్నే అది ఫోను చూసుకుంటుంటే, మా పిల్లకి ఎంత జాగ్రత్తో అని మా బండబర్గ్ ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. అది చూసుకుంటున్నది ఎండ ఎప్పుడు బాగా కాలుస్తుందా అని.

శనివారం స్కూల్లో వీడ్కోలు డాన్సు. దానికి భుజాలు కనిపించే గౌను కొన్నాం. "ఈకలు పీకిన కోడిలా పాలిపోయి వెళ్తావా? ఎండలో పడుకుని కాస్త రంగు తెచ్చుకో," అని మా అత్తగారు నోలీన్ పోయిన ఆదివారమే అంది. నూనె ఎవరిచ్చారో ఇక అడగక్కర్లేదు.

షెడ్డు వెనక్కి వెళ్ళాను. టాలియా ఎండలో వెల్లకిలా పడుకుని ఉంది.

"లే. లోపలికి పద."

"అబ్బా, ఇంకాసేపు. నీకేం తెలుసమ్మా? ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కానే. నీ ఒళ్ళంటే నీకే సిగ్గు."

పదహారేళ్ళ పిల్ల ఒక్క ముక్కలో నా బతుకు చెప్పేసింది.

దానికి పదేళ్ళప్పుడు నా భుజం వెనకనుంచి అగ్గిపెట్టెంత ముక్క కోసి తీశారు. కుట్లు విప్పకముందే ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ వంట నేనే చేశాను. "పిల్లకి చెప్పకు, జడుసుకుంటుంది. చెరకుతోట కంచె గీసుకుందని చెప్పు," అన్నాడు నా భర్త బ్రెట్. "తినేచోట అది కనిపిస్తే ముద్ద దిగదు జోడీ, ఏదైనా కప్పుకో," అంది నోలీన్. కప్పుకున్నాను. మాకు క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. పెరట్లో మాంసం కాలుస్తూ, చెమటకి తడిసిపోతూ, తప్పు చేసినదానిలా కప్పుకునే తిరిగాను. బతికి బయటపడ్డందుకు ఎవరైనా సిగ్గుపడతారా? నేను పడ్డాను.

చొక్కా బొత్తాలు విప్పాను. లోపల చేతుల్లేని బనియను. వెనక్కి తిరిగాను.

"ఇది కంచె గీసుకున్నది కాదు. కేన్సర్. నీ వయసులో నేనూ ఇలాగే నూనె రాసుకుని పడుకునేదాన్ని."

టాలియా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి కూర్చుని, భుజంమీది పట్టీ పక్కకి లాగి తువ్వాలుతో రుద్దింది. చర్మంరంగు క్రీము చెరిగి, కింద అంచులు చెదిరిన నల్లటి మచ్చ బయటపడింది.

"మరి ఇదేంటమ్మా?"

"ఎప్పటినుంచి?"

"ఈస్టర్ నుంచి. పెరుగుతోంది." "నువ్వు కప్పుకుంటావు కదా. మచ్చలుంటే కప్పుకోవాలనుకున్నా."

బ్రెట్‌కి ఫోన్ చేసి చెప్పాను. "శనివారం డాన్సు అవనీ. ఇప్పుడు కుట్లు పడితే ఆ గౌను ఎలా వేసుకుంటుంది?" అన్నాడు. పెట్టేశాను. రెండో ఫోను డాక్టరుకి. వెంటనే రమ్మన్నారు.

నా పొడుగు చేతుల చొక్కా టాలియాకి తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టాను. గేటు దగ్గర నోలీన్ కేకు పట్టుకుని ఎదురైంది. నేను కారువైపు తిరగగానే నా భుజం చూసి చూపు తిప్పుకుంది.

"ఎక్కడికి జోడీ, అలాగేనా? అది కప్పుకో. ఎవరైనా చూస్తారు."

"చూడాలనే, నోలీన్," అని కారు తలుపు తీశాను.