సూది వెనక మాట

"మాటలెక్కడికీ పోలేదు మాస్టారూ. అలమరలో బట్టల్లా అన్నీ లోపలే ఉన్నాయి. తాళంచెవి పోయింది, అంతే," అంది మాటలు నేర్పే డాక్టరమ్మ.

మాస్టారు నెలరోజులుగా ఆ తాళంచెవే వెతుకుతున్నాడు. పక్షవాతంతో అక్క నోరు పడిపోయింది. చేతులు రెండూ తప్పించుకున్నాయి, అదే పదివేలు. రోజూ సాయంత్రం ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని బొమ్మల అట్టలు చూపిస్తాడు. గొడుగు. కుర్చీ. కుట్టుమిషను. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి ఆ బొమ్మకేసి గుడ్లప్పగించి చూస్తుంది. నుదుట చెమట పడుతుంది.

భార్య పోయాక ఆయన ఇంట్లో మాట వినబడడం మానేసింది. "ఒరే, తిన్నావా?" అని ఫోన్లో కసిరేది అక్క ఒక్కతే. ఆ గొంతు కూడా పోతే, ఆయన్ని కసిరేవాళ్ళు ఇక లోకంలో లేరు.

ఆ రోజు అట్టలు తిరగేస్తుంటే ఆయనకు ఒకటి తట్టింది. అక్క ఎన్నడూ ఊరికే కూర్చుని మాట్లాడలేదు. మిషను తొక్కుతూ కబుర్లు చెప్పేది, కాజాలు కుడుతూ తిట్టేది. ఆమె మాట అలమరలో మడతపెట్టిన చీర కాదు. సూది వెనక వచ్చే దారం. సూది కదలనిదే దారం ఎలా కదులుతుంది?

"డాక్టరమ్మా, సూదీ దారం దొరుకుతాయా?"

"మా సూదులు వేరే రకం మాస్టారూ!" అని నవ్వి, నర్సుచేత తెప్పించింది.

అక్క సూదిని చూసింది. తర్వాత తమ్ముడి చొక్కా చూసింది. మూడో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది, ఆయనకే తెలీదు. చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది. సూది మొన పొట్టకు తగిలి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"కదలకు," అంది అక్క.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "ఏమన్నారమ్మా? మళ్ళీ అనండి!"

అక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ నుదుట చెమట.

"అడక్కండి," అన్నాడు మాస్టారు మెల్లగా. "కుట్టుకోనివ్వండి."

ఇంటికొచ్చి, చొక్కాలన్నీ మంచం మీద పోసుకుని, గుండీలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఒక్కటీ వదులుగా లేదు. అన్నీ భార్య కుట్టినవే. పోగు మీద పోగు, నాలుగేసి చుట్లు.

తర్వాత బ్లేడు తెచ్చి, నీలం చొక్కా మీద మొదటి పోగు తెంపాడు.