నోటితో లాగే నాడెలు

మా ఆవిడను పాతిపెట్టిన మర్నాడు మిల్లులో ఆమె మగ్గాలను మా అమ్మాయికిచ్చారు. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెలు కూడా అవే. ఎవరూ మార్చలేదు, ఎవరూ కడగలేదు. పోగు బయటికొచ్చే చిల్లును నాడె కన్ను అంటాం; దాని చుట్టూ చెక్క నల్లబడి, నున్నగా అరిగి ఉంది. అది మా ఆవిడ ఇజౌరా పెదవుల అరుగుదల. ఆమెకు ముందు అదే మగ్గాల మీద పనిచేసి, ఆమెలాగే క్షయతో పోయిన ఐర్లండు మనిషి అరుగుదల కూడా. మా ఒలిందా నూలు చుట్టిన కండెను నాడెలో ఎక్కించి, పోగు కొసను లోపలి నుంచి కన్ను దగ్గర పెట్టి, బయటి వైపు నోరు ఆనించి గట్టిగా పీల్చింది. పోగు బయటికొచ్చింది. దాంతోపాటు నూలు దుమ్ము, నూనె, వాళ్ళమ్మ ఎంగిలి.

నేను నేత గదిలో గుడ్డ చుట్టలు మోసేవాణ్ని. చుట్ట భుజాన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావ్? నడు," అన్నాడు క్లెగ్. అతను ఆ గదికి మేస్త్రీ.

నడిచాను.

ఈ సంగతి మీకెందుకు చెబుతున్నానంటే, మీలో కొందరు చట్టాలను నమ్ముతారు. చదువుకుంటున్న పిల్లలు మరీ నమ్ముతారు. మేమూ నమ్మాం.

మేం సముద్రం దాటి, అజోర్స్ దీవుల నుంచి ఈ దేశానికి పనికోసం వచ్చినవాళ్ళం. పక్క మగ్గాల మీద పోలండు వాళ్ళు, వాళ్ళ పక్కన ఫ్రెంచి వాళ్ళు. ప్రార్థనలు వేరు, కూరలు వేరు, దగ్గు ఒక్కటే. పోగును అలా లాగడాన్ని నాడెను ముద్దుపెట్టుకోవడం అనేవాళ్ళు. పనిలో కొత్తగా చేరిన పిల్లలను "పెళ్ళి కాకముందే ముద్దులేంటే?" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు కొండ మీద, శిలువల కింద ఉన్నారు.

అప్పట్లో దేశమంతా సంస్కరణల జోరు మీద ఉంది. టోపీల్లో ఈకలు పెట్టుకున్న పెద్దింటి ఆడవాళ్ళు మా వీధుల్లోకి వచ్చారు, మా ఇళ్ళలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, మా కోసం రాజధానికి వెళ్ళారు. మంచివాళ్ళే. చట్టం తెచ్చారు. నోటితో పోగు లాగమని ఏ యజమానీ ఏ కూలినీ బలవంతపెట్టరాదని అందులో ఉంది. ఆదివారం చర్చిలో ఫాదర్ ఆ చట్టం పేరు మీద దేవుడికి వందనాలు చెప్పించాడు.

యజమాని ఏం చేశాడు? ప్రతి మగ్గానికీ ఒక ఇనప కొక్కెం వేలాడదీశాడు. ఇక నుంచి దీంతో లాక్కోండి అన్నాడు. ఆ వారమే మగ్గాల వేగం పెంచాడు. ఒక నాడెను కొక్కెంతో లాగేలోపు పక్క మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే క్లెగ్ వస్తాడు. మళ్ళీ ఆగితే మనిషి గేటు బయట ఉంటుంది. బలవంతం ఎక్కడుంది? ఎవరి నోరు వాళ్ళదే.

చట్టం అమలవుతోందో లేదో చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, బ్యాండు మేళం వాళ్ళ హాల్లో మీటింగు పెట్టుకున్నాం. ముందు లేచింది యాద్విగా. పోలండు మనిషి. పొట్టిదే గాని గొంతు గోడలు దాటుతుంది.

"మగ్గాలాపి బయటికి నడుద్దాం. ఇంకా మాటలేంటి?"

"నడిచి ఏం తింటావే? నీ గొంతా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నీ మీసాలు వండుకుంటా. మీ ఆవిడకెలాగూ అక్కర్లేదంటగా."

హాలంతా నవ్వింది. ఫిలొమెనా నవ్వలేదు. ఆమె మా వాళ్ళలో పెద్ద నేతగత్తె, మా ఒలిందాకు జ్ఞానస్నానపు తల్లి. బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"నా మాట వినండి. ఆయన వచ్చిన పూట అందరం కొక్కెంతోనే లాగుదాం. ఒక్కరు కూడా నోరు పెట్టొద్దు. మగ్గాలు వరసగా ఆగిపోతాయి. కొక్కెం ఒట్టి నాటకమని ఆయనే కళ్ళారా చూస్తాడు. ఆయన గవర్నమెంటు మనిషి, కంపెనీ మనిషి కాదుగా."

"గవర్నమెంటు మనిషికి మధ్యాన్నం అన్నం పెట్టేదెవరత్తా?" అంది ఒలిందా.

"నీకన్నీ అనుమానాలేనే."

ఒలిందా ఏదో అనబోయి దగ్గింది. రుమాలు అడ్డం పెట్టుకుని, చూడకుండానే మడిచేసింది.

"ఏదీ, చూపించు," అన్నాను.

"జలుబు నాన్నా."

వాళ్ళమ్మ కూడా జలుబనే అంది. నేను ఫిలొమెనా మాటకు చెయ్యెత్తాను. ఆ నాడెలు మా పిల్ల నోటి దగ్గర నుంచి పోవాలి. అది చట్టంతో పోయినా, దయ్యంతో పోయినా నాకు ఒకటే.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బూడిదరంగు కోటు, మెత్తని మాట. క్లెగ్ ఆయన పక్కనే తలుపులు తెరుస్తూ నడిచాడు. ఆ పొద్దున అందరూ మాట మీద నిలబడ్డారు. యాద్విగా కొక్కెం పట్టుకుని, పెళ్ళికూతురు ముసుగు సర్దుకున్నంత నెమ్మదిగా పోగు లాగింది. ఇక్కడొక మగ్గం ఆగింది, అక్కడొకటి ఆగింది. ఇన్‌స్పెక్టరు తలతిప్పి చూశాడు. క్లెగ్ మెడ ఎర్రబడింది. మా ఎత్తు పారుతోందని నాకు అనిపించింది. నాకు అలా అనిపించడం అదే ఆఖరు.

ఆయన ఫిలొమెనా దగ్గర ఆగాడు. "అమ్మా, ఈ పద్ధతి ఇబ్బందిగా ఉందా?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వచ్చీరాని ఇంగ్లీషు. మాటకోసం వెతుక్కుంటూ ఆయన ముఖంలోకి చూస్తోంది. అప్పుడు ఆమె వెనక మగ్గంలో కండె అయిపోయింది. మగ్గం ఆగింది. పసిబిడ్డ ఏడిస్తే తల్లి ఆలోచించి లేవదు. నేతగత్తెకు ఆగిన మగ్గం అంతే. కళ్ళు ఆయన మీద, మాట ఆయనతో, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. కొత్త కండె ఎక్కింది, నాడె పైకి లేచింది, ఆమె మాట మధ్యలో ఆపి నోరు ఆనించి పీల్చింది. నాడె మగ్గంలో పడింది. మగ్గం కదిలింది.

అప్పుడు గాని ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

"అలవాటు సార్," అన్నాడు క్లెగ్. "కొక్కెం కళ్ళెదురుగానే ఉంది. వీళ్ళకు ఇదే ఇష్టం. మేం ఏం చెయ్యగలం?"

ఇన్‌స్పెక్టరు విచారంగా తల ఊపాడు. బలవంతం ఏదీ కనిపించలేదు కనుక చట్టం అమలవుతున్నట్టే అన్నాడు. కూలీలకు ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పించమని క్లెగ్‌కు సలహా ఇచ్చి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఫిలొమెనా నడుముకు కట్టుకున్న ముందుగుడ్డతో పెదవులు తుడుచుకుంటూ నిలబడింది. తుడుస్తూనే ఉంది.

"మా అమ్మ చచ్చింది దాంతోనే గదత్తా," అంది ఒలిందా. అరవలేదు. "ఒక్క పూట. ఒక్క పూట ఆపుకోలేకపోయావా?"

"నా చేతులే తల్లీ. నేను కాదే."

"నీ చేతులు ఎవరివి మరి? కంపెనీవా?" అంది యాద్విగా.

ఫిలొమెనా తన చేతుల వంక చూసుకుంది. ఆమెను నేను క్షమించలేదు. ఈ రోజుకీ క్షమించలేదు. ఆమెను అలా తయారుచేసిన వాళ్ళను అంతకన్నా క్షమించలేదు. కానీ తర్వాత జరిగింది ఆమె చేసిన పనే, అదీ చెప్పాలి. ఆమె తన మగ్గాలన్నీ ఆపింది. నాడెలన్నీ తీసి ముందుగుడ్డలో వేసుకుంది. పక్క వరసకు నడిచింది, ఒలిందా నాడెలు తీసింది. ఒలిందా తెల్లబోయి, మరుక్షణం తనూ తీయడం మొదలుపెట్టింది. తర్వాత యాద్విగా. తర్వాత ఎవరెవరో. మగ్గాల మోత మొత్తం ఆగిపోయి ఆ గదిలో మనిషి మాట తేటగా వినబడటం నాకు అదే మొదటిసారి.

"అవి కంపెనీ సొత్తు!" అని క్లెగ్ అరిచాడు. ఎంత స్పష్టంగా వినబడిందో.

ముందుగుడ్డల్లో నాడెలు నింపుకుని ఆడవాళ్ళు వీధిలోకి నడిచారు, వెనక నేనూ. పక్క మిల్లుల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఇన్‌స్పెక్టరు హోటల్లో, యజమాని తరఫున మిల్లు నడిపే ఏజెంటుతో కలిసి భోంచేస్తున్నాడు. మా వాళ్ళు తలుపు దగ్గర ఆగలేదు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద, చేపల పులుసు పక్కన, నాడెలు కుమ్మరించారు.

"ఒక్కటి నోట్లో పెట్టుకో నాయనా," అంది ఫిలొమెనా. ఈసారి మాటల కోసం వెతుక్కోలేదు. "ఏదైనా సరే, నీ ఇష్టం. ఒక్కసారి పీల్చు. పీలిస్తే మేం పనికి పోతాం."

"నీకు బలవంతమేం లేదు," అంది యాద్విగా.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఏజెంటు రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. ఆ బల్ల మీద చెయ్యి పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. పోలీసులు మాత్రం వచ్చారు. నేను అడ్డం పోతే ఒకడు నన్ను గోడకు నొక్కి పట్టుకున్నాడు. గోడ దగ్గర నుంచే ఒలిందాను బండెక్కించడం చూశాను.

దొంగతనం అన్నారు. చెక్క పోతే చట్టానికి వారం కూడా పట్టలేదు. ఊపిరితిత్తులు పోతే ఏళ్ళు చాల్లేదు. జడ్జి ముందు నాడెలు సాక్ష్యంగా పెట్టారు. గుమాస్తా చేతి తొడుగులతో పట్టుకుని చూపించాడు. ఫిలొమెనాకు, యాద్విగాకు, మా అమ్మాయికి జైలు పడింది. చూడ్డానికి వెళ్తే జైల్లో నన్ను కటకటాలకు ఇవతల నిలబెట్టారు. ఒలిందా ఇక రుమాలు దాచలేదు.

"డాక్టరు చూశాడా?"

"చూశాడు నాన్నా. జలుబన్నాడు." నవ్వడానికి చూసింది. "నాడెలు ఎక్కడున్నాయి?"

"కోర్టులో."

"మళ్ళీ మగ్గాల్లోకి పోనివ్వకండి."

అప్పటికి అందరం పని మానేసి ఉన్నాం గాని, ఆకలి మనుషులను ఒక్కొక్కరినే గేటు లోపలికి లాగుతోంది. నేనూ వెళ్ళాను. జైల్లో ఉన్న పిల్లకు రొట్టె కావాలి. కోర్టు నుంచి నాడెలు ఒక పెట్టెలో మిల్లుకు తిరిగొచ్చాయి. బరువు మోసేవాణ్ని నేనే కనక నన్నే మొయ్యమన్నారు. మోశాను. నేత గది మధ్యలో దించాను. ఆడవాళ్ళు ఖాళీ మగ్గాల ముందు నిలబడి ఉన్నారు.

"తీసుకోండి. ఎవరివి వాళ్ళు," అన్నాడు క్లెగ్.

ఎవరూ కదల్లేదు. ఒక ఫ్రెంచి పిల్ల నా వంక చూసింది. ఇంకా పదహారు నిండి ఉండవు.

నేను మూత వేసి పెట్టె మీద కూర్చున్నాను.

"లే."

లేవలేదు.

"ముసలోడా, లెమ్మంటున్నానా? నీ పెళ్ళాం పోయింది, కూతురు జైల్లో ఉంది. ఇంకేం మిగిలిందని?"

"ఏం లేదు. అందుకే కూర్చున్నా," అన్నాను.

క్లెగ్ పోలీసుల కోసం మనిషిని పంపాడు. నన్ను లేపడానికి ఇద్దరు చాలు. వాళ్ళు వస్తారని, పెట్టె తెరుస్తారని, నాడెలు మళ్ళీ ఏదో ఒక పిల్ల నోటికి పోతాయని నాకు తెలుసు. అంతలో ఆ ఫ్రెంచి పిల్ల మగ్గం వదిలి వచ్చి పెట్టె అంచు మీద నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. చోటు లేదు. మిగతావాళ్ళు నేల మీద కూర్చున్నారు, మా చుట్టూ, వరస వెనక వరస. లోపలికి రావాలంటే పోలీసులు ముందు వాళ్ళను దాటాలి.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. ఎవరూ తల తిప్పలేదు.